నాలుగంటే డిస్టింక్షన్

లెక్కల మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నూటికి నూరు మార్కులు ఎవరికీ వెయ్యలేదు. జవాబులో తప్పు లేకపోతే దస్తూరీలో తప్పు, దస్తూరీ ముత్యాల్లా ఉంటే మార్జిన్లో తప్పు, మార్జిన్ కూడా సరిగ్గా ఉంటే "పొగరు ఎక్కకుండా" ఒక మార్కు కోత. "నూరు దేవుడికి, తొంభై తొమ్మిది నాకు, మిగిలింది మీరు పంచుకోండి" అనేవారు క్లాసులో. పిల్లలు నవ్వేవాళ్ళు. పేపర్లు తిరిగిచ్చే రోజున మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక, ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత మార్కులు వేయించుకునే రోజు వస్తుందని ఎవరైనా అనుకుంటారా? వచ్చింది. అదీ సొంత ఇంట్లోనే, మేడ మీద గది రూపంలో వచ్చింది.

ఆ గది కూతురిది. కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాక ఖాళీ అయింది. ఖాళీ గదిని చూస్తూ ఊరుకోవడం మాస్టారి భార్యకు చేతకాదు. ఆవిడను పుట్టింట్లో బుజ్జి అన్నారు, అత్తింట్లో బుజ్జమ్మ అన్నారు, అసలు పేరు ఏమిటంటే మాస్టారు కూడా కాసేపు ఆలోచించాలి. పని మీద ఊళ్ళోకి వచ్చేవాళ్ళకు రోజుల లెక్కన గదులు చూపించే యాప్ ఒకటుందని కూతురు చెప్పి, ఫోటోలు తీసి, గదిని అందులో పెట్టింది. వచ్చినవాళ్ళు ఒక రాత్రో రెండు రాత్రులో ఉంటారు. వెళ్ళాక ఇంటికి ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారో చెప్తారు. ఇంటివాళ్ళు కూడా వచ్చినవాళ్ళకు అలాగే ఇవ్వచ్చు.

మూడు నెలలకోసారి యాప్‌వాళ్ళు అందరి లెక్కా తీస్తారు. పదిమంది అతిథులు వచ్చి ఉండాలి, వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చినా లెక్కే, సగటు నాలుగు పాయింట్ ఎనిమిదికి తగ్గకూడదు. అలా ఉంటే పేరు పక్కన 'టాప్ హోస్ట్' అని ఒక బ్యాడ్జి వెలుగుతుంది. దానితోపాటు పూర్తి పేరుతో ఒక సర్టిఫికెట్ పంపిస్తారు, అచ్చు వేయించి ఫ్రేము కట్టించుకోవచ్చు. బుజ్జమ్మకు బ్యాడ్జి సంగతి అంతగా పట్టలేదు. ఆ కాగితం మాత్రం కావాలి.

ఎందుకంటే వాళ్ళ ముందు గదిలో గోడ ఒకటుంది. ఆ గోడ మీద మాస్టారి ఉత్తమ ఉపాధ్యాయ పత్రం ఉంది, మాస్టారి డిగ్రీ ఉంది, కూతురు పట్టా పుచ్చుకుంటున్న ఫోటో ఉంది, మాస్టారు ఎప్పుడో షటిల్లో గెలిచిన కప్పు పెట్టిన చిన్న అర ఉంది. ఆ గోడకు బుజ్జమ్మ చేసిందల్లా వారానికోసారి బూజు దులపడమే. ఒకరోజు ఆవిడ స్టూలెక్కి, కూతురి ఫోటో పక్కన ఒక మేకు కొట్టింది.

"ఏమిటది?" అన్నారు మాస్టారు పేపర్లోంచి తలెత్తి.

"నా సర్టిఫికెట్‌కి."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట వెనకటికెవడో."

"ఉండనివ్వండి. మేకు మిమ్మల్ని అన్నం పెట్టమని అడగదుగా" అంది బుజ్జమ్మ స్టూలు దిగుతూ.

ఆ రోజునుంచి ఆవిడ ఆ గదిని చూసుకున్న తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దిండు గలేబులకు ఇస్త్రీ. స్విచ్చులన్నిటి కిందా చీటీలు: 'ఇది ఫ్యాను', 'ఇది పెద్ద లైటు', 'ఇది దేనికో మాకూ తెలీదు, వదిలెయ్యండి'. గది సర్దడం అయ్యాక తనే ఒకసారి మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూసేది. అతిథి కంటికి ఏం కనిపిస్తుందో తెలియాలంటే అతిథి పడుకున్నచోట పడుకోవాలట. అలా పడుకున్నప్పుడే ఫ్యాను రెక్క మీద దుమ్ము, కర్టెన్ కడ్డీ చివర సాలెగూడు దొరికేవి.

"ఎలా ఉందండీ గది?" అని అడిగేది చివర్లో.

"ఫర్వాలేదు" అనేవారు మాస్టారు.

అది ఆయన నోట పెద్ద మెచ్చుకోలు. పెళ్ళయిన కొత్తలో తొలిసారి వండిన కూరకూ అదే అన్నారు, కూతురు పుట్టినప్పుడు పాపను చూసీ అదే అన్నారు.

అతిథులు మాత్రం అలా కాదు. 'అద్భుతం', 'సొంత ఇంట్లో ఉన్నట్టుంది', 'స్విచ్చుల చీటీలు చదివి పడీ పడీ నవ్వాం' అని రాసి ఐదేసి ఇచ్చేసి వెళ్ళేవాళ్ళు. బుజ్జమ్మ వాటిని గట్టిగా చదివి వినిపించేది. మాస్టారు గుడ్లప్పగించి వినేవారు. ఒక రాత్రి పడుకుని లేచి వెళ్ళినవాడికి అద్భుతం అనిపించేంత సంగతి ఆ గదిలో ఏముందో ఆయనకు ఎంత ఆలోచించినా అంతు చిక్కేది కాదు.

ఇద్దరు మాత్రం నాలుగిచ్చారు. ఒకాయన ఏ కారణమూ చెప్పలేదు. రెండో ఆవిడ 'ఇల్లు చాలా బాగుంది, కానీ పెద్దాయన మా అబ్బాయిని మెట్ల మీద ఆపి పదిహేడో ఎక్కం అడిగారు' అని రాసింది. బుజ్జమ్మ ఆ పూట మాస్టారితో మాట్లాడలేదు.

"వాడికి రాలేదు తెలుసా?" అన్నారు మాస్టారు తన వైపు న్యాయం చెప్పుకుంటూ.

సరిగ్గా అప్పుడే, తడిపి తుడుస్తున్న మెట్ల మీద బుజ్జమ్మ కాలు జారింది. మడమ దగ్గర ఎముక విరిగింది. కట్టు వేసి, కాలు కింద పెట్టడానికి వీల్లేదన్నారు డాక్టరు. ముందు గదిలోనే, మేకు ఎదురుగా, ఆవిడకు మంచం వేశారు. మేడా, గదీ, యాప్ ఉన్న ఫోనూ మాస్టారి చేతికొచ్చాయి.

ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాదు. కింద మంచం మీంచి బుజ్జమ్మ కేకేసి చెప్తుంటే, పైన దుప్పట్లు మార్చారు, స్నానాల గది కడిగారు. దిండు గలేబు తొడగడంలో దిండు గెలిచిన రోజులున్నాయి, అది వేరే సంగతి. ఇంతలో ఫోనులో ఒక హెచ్చరిక వచ్చింది. 'మీ సగటు తగ్గింది, మెరుగుపరుచుకోండి' అని. మాస్టారు సగటు ఎంతుందో చూశారు. నాలుగు పాయింట్ ఏడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఫోను చెడిపోయిందనుకుని కూతురికి ఫోన్ చేశారు.

"చెడిపోలేదు నాన్నా. అక్కడ ఐదిస్తే పాసు. నాలుగిస్తే ఏదో నచ్చలేదని. మూడిస్తే ఆ గడప తొక్కొద్దని."

"ఐదుకి నాలుగంటే ఎనభై శాతమే తల్లీ."

"అవును."

"ఎనభై శాతం ఫెయిలా?"

"అక్కడంతే నాన్నా."

"మరి పాసు మార్కు ఎంత?"

కూతురు ఒక్క క్షణం లెక్క వేసింది. "తొంభై ఆరు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతి మీదుగా తొంభై ఆరు వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఒకడు ఇప్పుడు పెద్ద ఇంజనీరు. అలాంటివాడు ఈ యాప్‌లో బొటాబొటి పాసు. ఇది ఏ దేశపు లెక్కో, ఎవరు పెట్టిన పరీక్షో ఆయనకు బోధపడలేదు.

"అందరికీ ఐదిచ్చేస్తే బాగున్నదానికీ గొప్పదానికీ తేడా ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

"తెలీదు నాన్నా. ఎవరికీ అక్కర్లేదు కూడా" అని కూతురు నవ్వి ఫోను పెట్టేసింది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మాస్టారు. లోకం పిచ్చి లోకానిది, నా చేతిలో కలం ఉన్నంత కాలం నా లెక్క నాదే అనుకున్నారు. ఆ కలం ఇప్పుడు ఫోను రూపంలో చేతిలోనే ఉంది. 'మీ అతిథికి ఎన్ని నక్షత్రాలు?' అని యాప్ అడిగినప్పుడల్లా బుజ్జమ్మ కళ్ళు మూసుకుని ఐదు నొక్కేది. మాస్టారు అలా చెయ్యలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక గది అంతా తిరిగి చూసి, కాసేపు ఆలోచించి, న్యాయంగా మార్కులు వేశారు. చాలామందికి మూడు. ఐదుకి మూడంటే అరవై శాతం, ఫస్ట్ క్లాసు. కింద ప్రోగ్రెస్ కార్డులో రాసినట్టు ఒక మాట కూడా రాశారు. ఒక జంటకు, 'కలివిడిగా ఉంటారు. తలుపు మెల్లగా వేయడం నేర్చుకోవాలి.' ఒక విద్యార్థికి, 'తెలివైనవాడు. ఉదయం లేవడంలో బద్ధకం.' బుజ్జమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే అందరికీ ఐదివ్వమంటుంది.

అలా మూడు అందుకున్నవాళ్ళలో మొదటివాడు కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్మే కంపెనీ మనిషి. పెద్ద శాంపిల్ పెట్టె మోసుకుని ఊరూరా కళ్ళజోళ్ళ షాపులు తిరుగుతుంటాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మాట మెత్తన. పక్క చక్కగా సర్దాడు, దండం పెట్టి వెళ్ళాడు, స్నానాల గదిలో లైటు ఆర్పడం మర్చిపోయాడు. మాస్టారు అతనికి మూడిచ్చి, 'మంచి మనిషి. లైట్లు ఆర్పడంలో శ్రద్ధ పెరగాలి' అని రాశారు.

గడువు దగ్గర పడింది. తొమ్మిదిమంది అయ్యారు. ఇద్దరు నాలుగేసి, మిగతా అందరూ ఐదేసి. మాస్టారు నోటితోనే కూడారు. నలభై మూడు. పదో మనిషి ఐదిస్తే నలభై ఎనిమిది, సగటు సరిగ్గా నాలుగు పాయింట్ ఎనిమిది. నాలుగిస్తే మాత్రం చేతికందింది నోటికందదు. బుజ్జమ్మ ఆ లెక్కను ఆయన చేత రెండుసార్లు చెప్పించుకుంది.

గడువులోగా వస్తానన్నది ఒక్కడే. కళ్ళజోళ్ళాయన.

"వెళ్ళేటప్పుడు ఒక్క మాట అడగండి" అంది బుజ్జమ్మ. "ఐదివ్వమని. నేను పైకెక్కలేను గనక మిమ్మల్ని అడుగుతున్నా."

"మార్కులు అడుక్కునేవాళ్ళని నేను క్లాసు బయట నిలబెట్టేవాణ్ణి."

"ఈ ఒక్కసారే అండీ."

"ఆయన మనస్సాక్షి ఆయనది బుజ్జీ. పోయినసారి ఇచ్చినట్టే ఇస్తాడు. మనం నోరు తెరిచి అడగడమేమిటి?"

బుజ్జమ్మ గోడ మీది మేకు వైపు తిరిగి పడుకుంది. మాస్టారికి మనసులో ఏదో గుచ్చుకుంది గానీ, అడగడం మాత్రం తన వల్ల కాదనుకున్నారు.

కళ్ళజోళ్ళాయన సాయంత్రం వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ అతని వాలకం మాస్టారికి అర్థం కాలేదు. చెప్పులు వీధిలోనే విప్పేసి చేత్తో పట్టుకొచ్చాడు. శాంపిల్ పెట్టె నేలకు తగలకుండా మేడ మెట్లన్నీ ఎక్కించాడు. "ఫ్యాను వేసుకోవచ్చా అండీ?" అని అడిగాడు. వేసుకోమంటే, "ఎంత మీద పెట్టుకోమంటారు?" అని అడిగాడు. పోయినసారి హాయిగా కబుర్లు చెప్పిన మనిషి ఈసారి పరీక్ష హాల్లో కుర్రాడిలా బిక్కుబిక్కుమంటున్నాడు. దారిలో ఏదైనా జరిగిందేమో అనుకున్నారు మాస్టారు.

పొద్దున్నే టీ పట్టుకుని పైకి వెళ్ళి తలుపు తట్టారు. లోపల మంచం మీద దుప్పటి ఒక్క ముడత లేకుండా నిన్న తను పరిచినట్టే ఉంది. తువ్వాలు మడత విప్పలేదు. సబ్బు కాగితం చించలేదు. నేల మీద మాత్రం అతని లుంగీ పరిచి ఉంది.

"కింద పడుకున్నారా?"

అతను గబగబా లుంగీ మడిచేశాడు. "పక్క నలుగుతుందనీ..."

"నలగడానికే కదయ్యా పక్క!"

అతను టీ గ్లాసు అందుకుని, తాగకుండా అలాగే పట్టుకుని, చివరికి అడిగేశాడు.

"సార్, పోయినసారి నేనేం తప్పు చేశాను?"

"తప్పా? ఏ తప్పూ లేదే."

"మరి మూడు ఇచ్చారు."

"ఇచ్చాను. ఏం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెవిటివాడికీ మూగవాడికీ పంచాయతీ పెట్టినట్టుంది ఆ గదిలో.

"ఆ మూడు పడ్డాక నాకు గదులు దొరకట్లేదు సార్. అడిగినవాళ్ళు అడిగినట్టే కుదరదంటున్నారు. పోయిన వారం బస్టాండు బెంచీ మీద, ఈ పెట్టె తలకింద పెట్టుకుని పడుకున్నాను. అడగ్గానే ఇచ్చింది మళ్ళీ మీ ఇల్లొక్కటే. ఇంట్లో మా ఆవిడ, 'ఆ ఇంట్లో నువ్వేం చేశావో నిజం చెప్పు' అని ఒకటే గొడవ. లైటు ఆర్పలేదని చెప్పాను. లైటుకి ఇంత శిక్ష ఎవరేస్తారు, ఇంకేదో ఉంది, దాస్తున్నావు అంటోంది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తను ఒక మనిషికి ఫస్ట్ క్లాసు ఇస్తే అతను వెళ్ళి బస్టాండులో పడుకోవడమేమిటి? ఎక్కడి మార్కు ఎక్కడికి వెళ్ళి ఏమైంది? కూతురు ఫోనులో చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది గానీ, ఆ మాట ఇళ్ళ గురించి కదా, మనుషుల గురించి కూడానా? పాపం అనిపించింది. దాంతోపాటు పౌరుషమూ వచ్చింది. తన మూడును అంత మాట అంటే ఆయన ఊరుకోలేకపోయారు.

"కూర్చోండి" అన్నారు. "మూడంటే శిక్ష కాదు. ఐదుకి మూడు అంటే వందకి ఎంత?"

"అరవై."

"అరవై అంటే?"

అతను ఆలోచించాడు. "ఫస్ట్ క్లాసా సార్?"

"ఫస్ట్ క్లాసే! నేను మీకు ఫస్ట్ క్లాసు ఇచ్చాను. పక్క సర్దారు, మాట మర్యాద ఉంది, చెప్పిన వేళకు వచ్చారు. లైటు ఒక్కటీ ఆర్పి ఉంటే నాలుగు పడేది. నాలుగంటే ఎనభై. డిస్టింక్షన్."

"మరి ఐదు?"

"ఐదు ఎవరికీ లేదు. నలభై ఏళ్ళలో ఒక్కడికీ ఇవ్వలేదు. మా అమ్మాయి నా క్లాసులోనే చదివింది, దానికీ ఇవ్వలేదు. ఆలోచించకుండా ఐదిచ్చేవాడు ముఖస్తుతి చేస్తున్నట్టు లెక్క. చూసి, తూచి నాలుగిచ్చాడంటే, వాడు మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు."

"అమ్మగారి వంటకి కూడా ఐదు లేదా సార్?"

"ఫర్వాలేదు అంటాను."

"అంటే?"

"అంటే చాలా బాగుందని."

అతను ఫక్కున నవ్వాడు. మొహమంతా విచ్చుకుంది. "నేను చదువుకునేటప్పుడు ఏనాడూ ఫస్ట్ క్లాసు తెచ్చుకోలేదు సార్. ఇన్నాళ్ళకి వచ్చింది, ఎవరూ చెప్పకపోతే నాకే తెలీలేదు" అన్నాడు. టీ గటగటా తాగేశాడు. మాస్టారికి కూడా గుండె తేలికైంది. తన లెక్కను మొదటిసారి ఒక మనిషి తప్పు పట్టకుండా అర్థం చేసుకున్నాడు. కాసేపు ఇద్దరూ పాత పరీక్షల గురించి, పాత మాస్టర్ల గురించి మాట్లాడుకుని నవ్వుకున్నారు.

కింద మంచం మీద బుజ్జమ్మకు ఆ నవ్వులు వినబడ్డాయి. మాస్టారికి బుద్ధొచ్చి మంచి చేసుకుంటున్నారని సంతోషించింది.

వెళ్ళేముందు కళ్ళజోళ్ళాయన స్నానాల గది లైటు ఆర్పి, మళ్ళీ వేసి, మాస్టారు చూస్తుండగా మళ్ళీ ఆర్పాడు. కిందకి వచ్చి బుజ్జమ్మ మంచం దగ్గర ఆగాడు.

"అమ్మగారూ, ఎన్నో ఇళ్ళల్లో ఉన్నాను. ఇలాంటి ఇల్లు చూడలేదు. సాయంత్రంలోగా రాసి పెడతాను" అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా బుజ్జమ్మ కిటికీలోంచి చూసింది. "ఫ్రేము కొలత ఎంతుంటుందండీ మామూలుగా?" అని మాస్టారిని అడిగింది. వాడకపోయినా ఉతకాల్సిందేనన్నది బుజ్జమ్మ నియమం గనక, ఆయన పైనుంచి దుప్పట్లు తీసుకు రావడానికి వెళ్ళారు.

గది అంతా కడిగి, దుప్పట్లు చుట్టి పట్టుకుని దిగేసరికి, ఫోను బుజ్జమ్మ చేతిలో ఉంది. ఆవిడ చదువుతోంది, పెదవులు కదులుతున్నాయి, గొంతు బయటికి రావట్లేదు.

"వచ్చిందా?"

"వచ్చింది." పైకి చదివింది. "'ఈ ఇంటి మాస్టారు ఎవరికీ ఐదివ్వరు. నాలుగంటే డిస్టింక్షన్ అని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆలోచించకుండా ఐదిచ్చేవాళ్ళలో నేను చేరదలుచుకోలేదు. చూసి, తూచి, ఈ ఇంటికి మనస్ఫూర్తిగా డిస్టింక్షన్ ఇస్తున్నాను.'"

నలభై మూడూ నాలుగూ నలభై ఏడు. మాస్టారి బుర్ర అలవాటు కొద్దీ కూడేసింది. వద్దనుకున్నా ఆగలేదు.

"మీరేం చెప్పారు ఆయనకి?"

మాస్టారు చెప్పారు. దుప్పట్లు చేతిలో అలాగే ఉన్నాయి. మూడు సంగతి, బస్టాండు సంగతి, ఫస్ట్ క్లాసు సంగతి ఒకదాని వెంట ఒకటి చెప్పక తప్పలేదు. బుజ్జమ్మ ఫోనులో వెతికి ఆయన వేసిన మార్కులన్నీ బయటికి తీసింది. తలుపు మెల్లగా వేయడం నేర్చుకోవాల్సిన జంటను చదివింది. ఉదయం లేవని విద్యార్థిని చదివింది. తిట్టిపోస్తుందేమో అనుకున్నారు మాస్టారు. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముక్కు చీదకుండా, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా ఏడ్చింది.

"మళ్ళీ మూడు నెలలకి..." అని మొదలుపెట్టారు మాస్టారు.

"కాగితం కోసం ఏడుస్తున్నా అనుకుంటున్నారా?" అంది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఒక్క రాత్రి ఉండి వెళ్ళేవాళ్ళు. దిండు గలేబు చూసి అద్భుతం అని రాశారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఎన్ని దిండ్లకి గలేబులు వేశాను? ఎన్ని వంటలు వండాను? దేనికైనా మీ నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. ఫర్వాలేదు."

"ఫర్వాలేదంటే..."

"చాలా బాగుందని. ఆ సంగతి ఆ కళ్ళజోళ్ళాయనకి చెప్పారట కదా. నాకెప్పుడు చెప్పారు?"

ఇన్నేళ్ళూ మాస్టారు ఆవిడకు తెలుసనే అనుకున్నారు. తెలియదన్న సంగతి తనకెందుకు తెలియలేదో తెలియలేదు. చెయ్యగలిగింది ఏదైనా ఉందా అని చూస్తే ఒకటే కనిపించింది. అడుక్కోవడం. దుప్పట్లు కుర్చీలో పడేసి, ఫోను తీసుకుని కళ్ళజోళ్ళాయనకు కలిపారు. ఆ నాలుగును ఐదు చెయ్యమని నోరు తెరిచి అడగాలనే కలిపారు.

"సార్! చూశారా?" అవతల గొంతు బస్సు రొదను దాటి వినబడింది. "మీది, నాది రెండూ మా ఆవిడకి ఫోనులో చదివి వినిపించాను సార్. మూడంటే ఏంటో మొత్తం లెక్క కట్టి చెప్పాను. అయితే నువ్వు ఫస్ట్ క్లాసు మనిషివేనన్నమాట అంది! ఇన్ని రోజులకి ఇవాళే సరిగ్గా మాట్లాడింది. మీకు నచ్చిందా సార్, నేను రాసింది?"

మాస్టారు నోరు తెరిచారు. అడగాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అడిగితే అతని ఫస్ట్ క్లాసు ఏమవుతుంది? నాలుగే చాలదంటే మూడు మళ్ళీ శిక్షే, మళ్ళీ ఇంట్లో గొడవ.

"చాలా బాగా రాశారండీ" అన్నారు. "చాలా బాగుంది."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే బుజ్జమ్మ ఆయన్నే చూస్తోంది.

"ఆ మాట మీకు వచ్చన్నమాట" అంది.

ఆవిడ చెయ్యి చాచింది. ఫోను ఇచ్చారు. 'మీ అతిథికి ఎన్ని నక్షత్రాలు?' అని యాప్ అడుగుతోంది. బుజ్జమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఐదూ నొక్కింది. కింద ఒక మాట కూడా రాసింది. 'లైట్లన్నీ ఆర్పి వెళ్ళారు.'

"ఆయనేం చేశాడు పాపం? మీ మాట నమ్మాడు" అంది.

మాస్టారు మంచం అంచున కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద మేకు, దాని పక్కన తన పత్రాలు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో, అందులో ఏది ఎక్కువో ఏది తక్కువో ఆయనకు ఇప్పుడు ఒక్కటీ తెలియడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలనిపించింది. అడగడానికి భయం వేసింది కూడా.

"బుజ్జీ, నాకైతే ఎన్నిస్తావ్?"

కళ్ళజోళ్ళాయన గురించి ఆలోచించినదానికన్నా ఎక్కువసేపే ఆలోచించింది బుజ్జమ్మ.

"మూడు" అంది.

ఆయన ఇంకేమైనా అంటుందేమో అని చూశారు. ఆవిడ మొహం చూస్తే నవ్వుతోందో, కోపంగా ఉందో, అలిసిపోయిందో పోల్చుకోలేకపోయారు.

"నా లెక్కలోనా? ఆ ఫోను లెక్కలోనా?"

బుజ్జమ్మ కట్టు వేసిన కాలిని చేత్తో ఎత్తి దిండు మీద సర్దుకుంది. కుర్చీలో పడేసిన దుప్పట్ల వైపు చూపించింది.

"ముందు అవి నానబెట్టి రండి" అంది. "లెక్కల మాస్టారు మీరు కదా, మీరే తేల్చుకోండి."